కొల్లేటి లారీ, గేరు పెట్టె: ఒక మార్పు చరిత్ర

వ్యాససంగ్రహం:
కొల్లేరు పరిసర ప్రాంతంలో సరుకు రవాణా గత 80 ఏళ్ళలో పడవ నుంచి లారీకి మారింది. ఈ మార్పును రోడ్లు, వంతెనలు, చేపల చెరువుల కోణంలో పరిశీలించినవారు ఉన్నారు. లారీ లోపలి యంత్రాంగం ఎలా మారిందో, ఆ మార్పులో స్థానిక మెకానిక్కుల, డ్రైవర్ల పాత్ర ఏమిటో అంతగా చర్చకు రాలేదు. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను బిగించిన కాలం నుంచి ఆటోమేటెడ్ మాన్యువల్ గేరు పెట్టెల కాలం వరకు సాగిన ఆ చరిత్రను, ఈ నేలపై చేతి గేరు నిలిచిపోవడానికి గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కొల్లేరు, లారీ, గేరు పెట్టె, క్లచ్, ఆటోనగర్, చేపల రవాణా, మోటారు వాహనాల చట్టం.

1. ఉపోద్ఘాతం:
ఆటోమేటిక్ గేరు పెట్టె ఉన్న లారీని చేతి గేరు బండిగా మార్చడం అమెరికాలో చాలామంది మెకానిక్కులకు పరిచితమైన పని. ఆ పనిలో ఇంజను వెనుక ఉన్న టార్కు కన్వర్టరును, దానితోపాటు గేరు పెట్టెను దించాలి. పలుచని ఫ్లెక్సు ప్లేటు స్థానంలో బరువైన ఫ్లైవీలు బిగించాలి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు అమర్చి, డ్రైవరు కాళ్ళ దగ్గర మూడో పెడలుకు చోటు చేయాలి. కొత్త గేరు పెట్టె పొడవు పాతదానితో సరిపోదు కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టును కోసి అతకాలి. గేరు పెట్టెను మోసే అడ్డ పట్టీని ముందుకో వెనక్కో జరపాలి. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న బండి అయితే, ఆటోమేటిక్ పెట్టె లేకపోయినా ఇంజను నడిచేలా దాని కంప్యూటరును ఒప్పించడం అన్నిటికంటే కష్టం.

కొల్లేటి సీమలో ఈ రూపంలో ఈ పని అవసరం కాలేదు. భారతదేశంలో తయారైన సరుకు లారీలు ఇటీవలి వరకు ఇంచుమించు అన్నీ చేతి గేరువే. అయితే ఇంజనుకూ చక్రానికీ నడుమ ఉన్న యంత్రాంగాన్ని విప్పి, వేరొక బండి భాగాలతో తిరిగి కూర్చే విద్య ఇక్కడ కొత్తది కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, విజయవాడ షెడ్లలో రెండు తరాల మెకానిక్కులు ఆ విద్యతోనే బతికారు. ఆటోమేటిక్ ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానం కూడా ఆ షెడ్లలోనూ, చెరువు గట్లపైనా వెతకవలసిందే.

2. నీటిదారి నుంచి మోటారు దారికి:
కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత రెండు నదులనూ కలిపిన ఏలూరు కాలువ ఈ ప్రాంతానికి ప్రధాన రవాణా మార్గమయింది. ధాన్యం, బెల్లం, కలప, ప్రయాణికులు అందరిదీ ఆ దారే. గాలి అనుకూలించకపోతే పడవను గట్టు మీద నుంచి మనుషులు తాడుతో లాగేవారు. 1890లలో రైలు మార్గం వచ్చాక దూర ప్రయాణాలు కాలువను వదిలాయి. ఊళ్ళ మధ్య సరుకు మాత్రం చాలాకాలం పడవల్లోనూ ఎడ్లబండ్లలోనూ సాగింది.

లారీ ఈ రెండింటి నడుమకు ప్రవేశించింది. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లే బండ్లను కూర్చడం మొదలుపెట్టింది. ఫోర్డ్ అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. యుద్ధానికి ముందు డెల్టా జిల్లాల రోడ్లపై తిరిగిన లారీలూ బస్సులూ ప్రధానంగా ఇటువంటి పెట్రోలు బండ్లు. వాటి గేరు పెట్టెను మెకానిక్కులు క్రాష్ గేరు అన్నారు. పళ్ళ చక్రాలు రెండూ ఒకే వేగంలో తిరిగితే తప్ప ఒకదానిలో ఒకటి పడవు. వేగాలు కలపవలసింది యంత్రం కాదు, డ్రైవరు.

3. బొగ్గు గ్యాసు, యుద్ధపు బండ్లు:
1941లో పెట్రోలుకు రేషను విధించడంతో బస్సులూ లారీలూ బొగ్గు గ్యాసుకు మారవలసి వచ్చింది. బండి వెనుకనో పక్కనో పెద్ద పీపా వంటి కొలిమి అమర్చి, కట్టెబొగ్గును తక్కువ గాలితో మండించి, వచ్చిన కార్బన్ మోనాక్సైడు వాయువును వడపోసి ఇంజనుకు పంపేవారు. ఆ వాయువులో అధికభాగం మండని నైట్రోజనే. ఫలితంగా పెట్రోలుపై ఇచ్చే శక్తిలో మూడోవంతు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ తగ్గిపోయేది. బొగ్గు బస్సు ఎక్కినవారి జ్ఞాపకాల్లో పొగ, మసి, ఆగి ఆగి సాగిన ప్రయాణం ఉంటాయి. డ్రైవరు కోణం నుంచి చూస్తే అది గేరు రాడ్డుతో చేసిన యుద్ధం. టాప్ గేరులో లాగవలసిన చోట థర్డుకు, థర్డులో ఎక్కవలసిన వంతెన వాలు దగ్గర సెకండుకు దిగవలసి వచ్చేది. ఇంజను ఇవ్వలేని బలాన్ని గేరు ద్వారా రాబట్టడం ఒక తరం డ్రైవర్లకు అప్పుడు అలవడింది.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడ్డాయి. తీరాంధ్ర యుద్ధరంగపు అంచుగా మారింది. తాడేపల్లిగూడెంలో విమానాల రన్‌వే వెలిసింది. దాని మిగులు భూమి దగ్గరే నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉండడం చరిత్రలో తరచు కనిపించే యాదృచ్ఛికాలలో ఒకటి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలిన వేలాది బండ్లను ప్రభుత్వం డిస్పోజల్సు కింద అమ్మింది. దేశమంతటా ప్రైవేటు లారీ యజమానులు పుట్టుకురావడానికి ఈ అమ్మకాలు ముఖ్యకారణం. కెనడాలో తయారైన ఫోర్డ్, షెవర్లే సైనిక ట్రక్కులకు నాలుగు గేర్ల క్రాష్ పెట్టె ఉండేది. వాటిని నడిపేందుకు 'డబుల్ క్లచ్' రావాలి. క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదలాలి, మళ్ళీ తొక్కి తరువాతి గేరు వేయాలి. కింది గేరుకు దిగేటప్పుడు న్యూట్రల్‌లో ఉండగా యాక్సిలరేటరును కొద్దిగా తాకి చక్రాల వేగం పెంచాలి. తక్కువ పడితే గేరు అరుస్తుంది, ఎక్కువ పడితే పళ్ళు రాలుతాయి. ఈ కొలతకు మీటరు లేదు, చెవి ఒక్కటే ఆధారం. క్లీనరుగా చేరిన కుర్రవాడు ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని వినడం ద్వారానే దీన్ని నేర్చుకున్నాడు. లారీ రంగంలో గురుశిష్య సంబంధం ఇంత బలంగా ఉండడానికి క్రాష్ గేరు ఒక కారణమనడం అతిశయోక్తి కాదు.

4. ఇంజను మార్పిడి: గేరుకు వచ్చిన చిక్కు:
1950ల నడిమి కాలానికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ భారతదేశంలో కూర్పు పనిని మూసివేశాయి. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు, మద్రాసు సమీపంలోని ఎన్నూరులో లేలాండ్ బండ్లు తయారుకాసాగాయి. ఇవి డీజిలు బండ్లు. అయితే కొత్త లారీ కొనగల స్తోమత అందరికీ లేదు. పాత షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్ చట్రాలు ఇంకా గట్టిగా ఉన్నాయి. వాటి పెట్రోలు ఇంజనులే యజమానికి భారమయ్యాయి. దీనికి దొరికిన పరిష్కారం పెర్కిన్స్ పి-6. ఇంగ్లండులోని పీటర్‌బరోలో 1930ల చివర రూపొందిన ఈ ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను, పెట్రోలు లారీల్లో బిగించేందుకు వీలైనదిగా అనేక దేశాల్లో పేరు తెచ్చుకుంది. మద్రాసులో సింప్సన్ సంస్థ దాన్ని తయారు చేయడంతో దక్షిణాది షెడ్లకు అందుబాటులోకి వచ్చింది.

ఇక్కడే గేరు చరిత్రలో ముఖ్యమైన ఘట్టం ఉంది. పెట్రోలు ఇంజను నిమిషానికి 3000 చుట్లకు పైగా తిరగగలదు. పి-6 పరిమితి 2400. వెనుక ఇరుసులోని క్రౌను, పినియను నిష్పత్తి మారకపోతే, కొత్త ఇంజనుతో బండి టాప్ గేరులో సైతం మునుపటి వేగం అందుకోదు. మరోవైపు డీజిలు ఇంజను తక్కువ చుట్లలోనే ఎక్కువ లాగుడు ఇస్తుంది. ఆ లాగుడు తేలికపాటి పెట్రోలు గేరు పెట్టె షాఫ్టులకూ క్లచ్ ప్లేటుకూ మించిన భారం. కాబట్టి ఇంజను మార్చినవాడు క్లచ్ మార్చాలి, క్లచ్ మార్చినవాడు గేరు పెట్టె చూడాలి, ఆపైన క్రౌను పినియను చూడాలి. బెల్ హౌసింగు రంధ్రాలు కలవకపోతే నడుమ ఇనుప ప్లేటు తయారు చేయించాలి. ఆ ప్లేటు కేంద్రం వెంట్రుకవాసి తప్పినా గేరు పెట్టె ముందు బేరింగు కొద్ది నెలల్లోనే పాడవుతుంది. ఉపోద్ఘాతంలో వివరించిన ఆటోమేటిక్ మార్పిడిలో వచ్చే చిక్కులన్నీ, మూడో పెడలు, కంప్యూటరు మినహా, ఈ మార్పిడిలోనూ ఉన్నాయి. ఆ పని చేసినవారి దగ్గర ఇంజనీరింగు పట్టాలు లేవు. లేతు మిషను, వెల్డింగు, పాత బండ్ల విడిభాగాల గురించిన అపారమైన జ్ఞాపకశక్తి ఉన్నాయి.

ఏలూరుకు పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, విజయవాడలో 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఈ విద్యకు స్థిరమైన చిరునామా ఇచ్చింది. ఇంజను పనివారు, గేరు పెట్టె పనివారు, బాడీ కట్టేవారు, కమాను పట్టీల కమ్మరులు, పాత సామాను వ్యాపారులు ఒకేచోట చేరారు. పని విభజన ఎంత సూక్ష్మంగా సాగిందంటే గేరు పెట్టె తప్ప మరొకటి ముట్టని మెకానిక్కులు తయారయ్యారు. 2014లో విడుదలైన 'ఆటోనగర్ సూర్య' చిత్రం ఈ లోకాన్ని నేపథ్యంగా స్వీకరించింది. అయితే సినిమాకు కావలసింది గొడవ కాబట్టి లేతు మిషను వెనక్కు జరిగింది.

5. ఆటోమేటిక్‌కు ఎదురైన నేల:
జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ పెట్టె 1940 నాటి ఓల్డ్స్‌మొబైల్ కార్లతో బజారుకు వచ్చింది. యుద్ధంలో అమెరికా తేలిక ట్యాంకులకు దాన్ని వాడారు. యుద్ధానంతరం రెండున్నర టన్నుల సైనిక ట్రక్కుకు రెండు నమూనాలు పోటీపడ్డాయి. జి.ఎం.సి. వారి ఎం-135 తరగతిలో హైడ్రామాటిక్ ఉంది. రియో సంస్థ ఎం-35 తరగతిలో క్లచ్, చేతి గేరు ఉన్నాయి. రెండూ 1950 ప్రాంతంలోనే వచ్చాయి. అమెరికా సైన్యం చివరకు రియో నమూనాను ఎంచుకుని దశాబ్దాలపాటు కొనసాగించింది. ఆటోమేటిక్ పుట్టిన దేశంలోనే, బాగుచేసే సౌకర్యం తక్కువగా ఉండే చోటుకు వెళ్ళే లారీకి చేతి గేరు గెలిచిందన్న సంగతి గమనార్హం.

కొల్లేటి గట్లు యుద్ధరంగం కావు గాని, లారీకి సంబంధించినంతవరకు వాటికీ కొన్ని పోలికలున్నాయి. 1970ల ద్వితీయార్ధంలో మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించిన తరువాత, ముఖ్యంగా 1980లు, 90లలో ప్రైవేటు పెట్టుబడి ప్రవేశించాక సరస్సు గర్భం నిండా గట్లు లేచాయి. ఆ గట్లే దారులు. తవుడు, చెక్క, కోళ్ళ పెంట మోసే బండ్లు వాటిపై లోపలికి పోవాలి. పట్టుబడి రోజున బొచ్చె, శీలావతి చేపలను అవే గట్ల మీదుగా బయటకు తేవాలి. గట్టు వెడల్పు బండి వెడల్పుకు కొంచెమే ఎక్కువ, మలుపు తిప్పుకొనే చోటు ఉండదు. కిలోమీటరు దూరం వెనక్కు నడపవలసిన సందర్భాలు ఉంటాయి. క్లచ్‌ను సగం తొక్కి బండిని అంగుళాల లెక్కన కదిలించగల డ్రైవరుకే ఆ గట్టు మీద పని.

మట్టి కూడా లెక్కలోకి వస్తుంది. తడిసిన నల్లమట్టిలో చక్రం దిగితే ఫస్టు, రివర్సు గేర్లను వెంటవెంటనే మారుస్తూ బండిని ఊయలలా ఊపి బయటపడేయడం పాత పద్ధతి. బ్యాటరీ పడిపోతే పదిమంది నెట్టి సెకండు గేరులో క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. టార్కు కన్వర్టరు ఉన్న బండిని అలా నెట్టి లేపడం సాధ్యం కాదు, అందులోని నూనె పంపు ఇంజను తిరిగితేనే పనిచేస్తుంది. వరద సంగతి మరొకటి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కొల్లేటికి చేరినప్పుడు చినఎడ్లగాడి వద్ద ఏలూరు, కైకలూరు రోడ్డుపై రాకపోకలు నిలిచిపోయాయి. ఇది ఆ రోడ్డుకు కొత్త అనుభవం కాదు. నీట నిలిచిన లారీ గేరు పెట్టెలోకి శ్వాసరంధ్రం గుండా నీరు చేరితే నూనె పాలలా మారుతుంది. నూనె తీసివేసి, కడిగి, కొత్త నూనె పోసి, తుప్పుకు ఫ్లైవీలుకు అతుక్కున్న క్లచ్ ప్లేటును విడదీస్తే సాధారణంగా బండి కదులుతుంది. ఆటోమేటిక్ పెట్టెలోకి నీరు పోతే లోపలి ఘర్షణ ఫలకాల పూత ఊడిపోతుంది. పెట్టె మొత్తం విప్పవలసిందే.

అన్నిటికీ మించినది ఐసు. ఆకివీడు, కైకలూరు ప్రాంతాల నుంచి హౌరా చేపల మార్కెట్టుకు దూరం 1000 కిలోమీటర్లకు పైనే. 1974లో కొవ్వూరు, రాజమహేంద్రవరం మధ్య రోడ్డు రైలు వంతెన ప్రారంభం కావడం, 2000 తరువాత చెన్నై కోల్‌కతా రహదారి నాలుగు వరుసలుగా విస్తరించడం ఈ వ్యాపారానికి ఊపిరి పోశాయి. అయినా బండి బయలుదేరిన క్షణం నుంచి ఐసు కరుగుతూనే ఉంటుంది. సోంపేట దగ్గరో భద్రక్ దగ్గరో గేరు పెట్టె మొరాయిస్తే, విడిభాగం కోసం రెండు రోజులు ఆగడమంటే సరుకు మీద ఆశ వదులుకోవడమే. దారిపక్క ఏ షెడ్డులోనైనా విప్పగలిగిన పెట్టెనే యజమాని కోరుకున్నాడు. దీన్ని వెనుకబాటుతనంగా చూడడం తేలిక. నిజానికి అది నష్టభయాన్ని సరిగా అంచనా వేసిన నిర్ణయం.

ఈ లెక్కలో ఒక ఖర్చు మాత్రం చేరలేదు. అది డ్రైవరు శరీరం. పట్టణాలు, టోలు గేట్లు, లెవెలు క్రాసింగులు దాటుతూ రాత్రంతా క్లచ్ తొక్కిన ఎడమకాలు, గేరు రాడ్డు అదురును మోసిన ఎడమ భుజం యజమాని ఖాతా పుస్తకంలో ఎక్కడా కనబడవు. 1928లో కాడిలాక్ కార్లతో మొదలైన సింక్రోమెష్ పద్ధతి క్రమంగా భారతీయ లారీలకూ చేరి డబుల్ క్లచ్ శ్రమను తగ్గించింది. 1980లలో జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ వంటి జపాను సాంకేతికతతో వచ్చిన చిన్న లారీలు తేలికైన గేరును సామాన్య డ్రైవరుకు పరిచయం చేశాయి. ఆ తరానికే చెందిన డి.సి.ఎం. టొయోటా పేరు తెలుగువారి నోట 'డి.సి.ఎం.'గా మిగిలి, కంపెనీ పోయినా ఆ పరిమాణపు ప్రతి బండికీ జాతినామమయింది. క్లచ్ మాత్రం అన్నిటిలోనూ ఉంది.

6. చట్టం చూసిన బండి:
1939 మోటారు వాహనాల చట్టం బండిలో మార్పు జరిగి రిజిస్ట్రేషను వివరాలు తప్పయితే యజమాని ఆ సంగతి అధికారికి తెలియజేయాలని కోరింది. మార్పు యజమాని హక్కు, తెలియజేయడం అతని బాధ్యత అన్న దృష్టి అందులో ఉంది. పెట్రోలు బండిని డీజిలు బండిగా మార్చిన కాలం ఈ చట్టం నీడలోనే నడిచింది. 1988 చట్టంలోని 52వ సెక్షనుకు 2000లో జరిగిన సవరణ ఈ దృష్టిని మార్చింది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నం కాకూడదన్నది కొత్త నియమం. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన అప్పీలులో దాన్నే గట్టిగా సమర్థించింది. రహదారి భద్రత దృష్ట్యా ఈ మార్పుకు బలమైన కారణాలున్నాయి. చేతిలో సుత్తి ఉన్న ప్రతివాడి పనితనాన్నీ నమ్మలేము. కాని ఆటోనగర్ వంటి చోట్ల పనితనానికి ఉన్న అధికారం తయారీదారుకు బదిలీ అయిందన్నదీ వాస్తవమే.

చరిత్రకారునికి ఇందులో మరొక చిక్కు ఎదురవుతుంది. రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, సిలిండర్ల సంఖ్య, చక్రాల నడిమి దూరం, ఖాళీ బరువు, రంగు ఉంటాయి. గేరు పెట్టెకు గడి లేదు. ఇంజను మారితే కాగితంపై జాడ మిగులుతుంది. గేరు పెట్టె నాలుగుసార్లు మారినా పత్రంలో ఒక్క అక్షరం మారదు. ఈ ప్రాంతపు మెకానిక్కులు చేసిన అత్యంత నైపుణ్యమైన పని రవాణా కార్యాలయాల దస్తావేజుల్లో కనిపించకపోవడానికి కారణం ఇదే.

7. మరలే తిరిగే మీట:
2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియోతో ఆటోమేటెడ్ మాన్యువల్ పెట్టె భారతీయ కార్లలోకి వచ్చింది. ఇటీవలి సంవత్సరాలలో భారీ లారీలకూ అది చేరింది. పేరులోనే ఉన్నట్టు ఇది చేతి గేరు పెట్టే. అవే పళ్ళ చక్రాలు, అదే క్లచ్ ప్లేటు. క్లచ్‌ను తొక్కే కాలి స్థానంలో, గేరు రాడ్డును కదిపే చేతి స్థానంలో గాలి ఒత్తిడితోనో విద్యుత్తుతోనో పనిచేసే మరలు, వాటిని నడిపే కంప్యూటరు ఉంటాయి. అందుచేత టార్కు కన్వర్టరు పెట్టె తెచ్చిన చిక్కు ఇక్కడ ఇంకో రూపం తీసుకుంటుంది. పళ్ళు అరిగితే పాత మెకానిక్కు బాగుచేయగలడు. సెన్సారు చెడితే చేయలేడు, దానికి కంపెనీ పరికరం కావాలి. ఆ మరలను తీసివేసి మామూలు రాడ్డు, పెడలు బిగించడం యంత్రపరంగా అసాధ్యం కాదు. కంప్యూటరు దానికి ఒప్పుకోవడమే కష్టం.

2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీల క్యాబిన్లకు ఎయిర్ కండిషనింగు తప్పనిసరి అయింది. డ్రైవరు చెమటను చట్టం పట్టించుకున్నది. గేరు సంగతి ఇప్పటికీ యజమాని ఇష్టానికే వదిలింది. చేపల లారీ కొనేటప్పుడు యజమాని అడిగే మొదటి ప్రశ్న మైలేజీ గురించి, రెండోది దారిలో ఆగితే ఎవరు విప్పుతారన్నది. కాలు నొప్పి గురించిన ప్రశ్న అడగవలసినవాడు ఆ సమయంలో షోరూము బయట బండి దగ్గర నిలబడి ఉంటాడు.